లెక్క సరిపోయిన దొడ్డి

బీరయ్య గొర్రెల దొడ్డికి కొత్త గేటు వచ్చాక కాపలా కుక్కకు పని తగ్గి పొట్ట పెరిగింది. గొర్రెల చెవులకు చిప్పున్న పోగులు బిగించారు. సాయంత్రం ఒక్కో గొర్రె గేటు దాటుతుంటే మిషన్ కీచుమంటుంది. అన్నీ వస్తే పచ్చలైటు వెలిగి గేటు మూసుకుంటుంది, ఒకటి తగ్గినా ఎర్రలైటే. ఒకప్పుడు కుక్క ప్రతిదాన్నీ వాసన చూసి లోపలికి పంపేది. ఇప్పుడు లైటు చూసి పడుకుంటోంది.

ఆ సాయంత్రం బొల్లిగొర్రె పిల్ల సర్కారు తుమ్మ ముళ్లలో చిక్కుకుంది. గింజుకుంటే చెవి చిరిగి పోగు ఊడిపడింది. నక్క చూసింది. నోరూరినా ఆగింది. పిల్ల తగ్గితే ఎర్రలైటు వెలుగుతుంది, బీరయ్య కర్ర పట్టుకుని వెతుక్కుంటూ వస్తాడు. అందుకే పోగును నోట కరుచుకుని, పిల్ల కోసం తిరుగుతున్న తల్లికి ఎదురెళ్లి, దాన్ని కింద పెట్టి దూరంగా నిలబడింది.

“ఏందక్కా, ఇంకా ఈడనే ఉన్నవ్?”

“నా బిడ్డ కనవడ్తలేదు.”

“అది మందతోని ఎప్పుడో పోయింది. పోగు ఊడిందని గేటు రానిస్తలేదు. ఆడ నిలబడి ఏడుస్తుంది పాపం. ఇగో, జల్ది పట్టుకపో.”

తల్లి వాసన చూసింది. తన పిల్ల పోగే. ఇంకేమీ ఆలోచించలేదు, పళ్ల మధ్య పట్టుకుని పరుగెత్తింది. గేటు దగ్గర పిల్ల లేదు. లోపలికి పోయిందేమోనని తానూ దూరింది. మిషన్ రెండుసార్లు కీచుమంది. పచ్చలైటు వెలిగి గేటు మూసుకుంది.

లోపలా పిల్ల లేదు.

“తమ్మీ, నా బిడ్డ బయటనే ఉన్నది! మొరుగు, అయ్యను పిలువు!” అని కుక్కను బతిమాలింది.

“పచ్చలైటు ఎలిగింది గదక్కా. అందరు వచ్చిన్రు.”

“ఆ పోగు నేను తెచ్చిన! బిడ్డ రాలే!”

“మొన్న లైటు ఎలిగినంక మొరిగితే అయ్య కట్టెతోని కొట్టిండు. మిషన్ కంటె నీకు ఎక్కువ తెలుసా అన్నడు.”

“ఒక్కసారి వాసన చూడు తమ్మీ, నీ కాళ్లు మొక్కుత.”

అప్పుడే తుమ్మల వైపు నుంచి సన్నగా ఒక అరుపు వినిపించింది. తల్లి గేటుకు తల బాదుకుంది.

“మనోళ్లంత లోపలనే ఉన్నరు. అది పక్క మందది,” అని కుక్క కళ్లు మూసుకుంది.

మళ్లీ అరుపు వినిపించలేదు.

తెల్లారి మంద వెనక నడుస్తూ కుక్క ఆ ముళ్ల దగ్గర ఆగింది. కొమ్మలకు బొచ్చు, నేల మీద నెత్తురు. వాసన చూసి, మోర ఎత్తి ఏడ్చింది. ముందు నడుస్తున్న బీరయ్య వెనక్కి తిరగకుండానే, “లెక్క సరిగ్గనే ఉంది, ఎందుకే ఏడుపు?” అని కసిరాడు. ఆ పోగు నోట కరిచి తెచ్చింది తానేనని బొల్లిగొర్రెకు తెలుసు. తాగేవాళ్లు లేక పొదుగు నుంచి పాలు కారుతుంటే, తల వంచుకుని మందలో నడిచింది.

బిడ్డ కనబడటం లేదని తల్లి చెప్పినప్పుడు ముందు వెతకాలి, లెక్క తర్వాత చూసుకోవచ్చు.