విడివిడిగా వడ్డించిన భోజనం

రాజుగారి పాఠశాలలో అమావాస్యకు పంతుళ్లకు సెలవుండేది, పనివాళ్లకు ఉండేది కాదు. మాకూ కావాలని వంటమనిషి గవరమ్మ, నీళ్లు మోసే సింహాద్రి, కట్టెలు కొట్టే అప్పలస్వామి కలిసి పాఠశాల వ్యవహారాలు చూసే దివానును అడిగారు.

"గుంపుతో మాట్లాడను, ఒక్కొక్కరే రండి," అన్నాడు దివాను. విడదీసి బెదిరించాలన్న ఆయన ఎత్తు గవరమ్మకు అర్థమైంది.

మధ్యాహ్నం దివాను పాఠశాలలోనే భోజనానికి కూర్చున్నాడు. సింహాద్రి వచ్చి చెంబెడు నీళ్లు పెట్టి వెళ్లాడు. తర్వాత అప్పలస్వామి వచ్చి రెండు కట్టెలు పెట్టి వెళ్లాడు. చివరికి గవరమ్మ వచ్చి విస్తరిలో గుప్పెడు బియ్యం పోసింది.

"ఇదేం భోజనం?" అని దివాను మండిపడ్డాడు.

"ఒక్కొక్కరే రమ్మన్నది తమరే కదా బాబూ! ఇది అన్నం కావాలంటే మేం ముగ్గురం కలవాలి."

దివాను కడుపు కాలిపోతోంది. "సరే, అందరినీ పిలు!"

"గుమ్మంలోనే ఉన్నారు బాబూ. అమావాస్య మాట తేల్చండి, పొయ్యి వెలిగిస్తాం."