ఓబుళవ్వ సాలు

మన తాతలకు తాతలు ఇంకా పుట్టని కాలం. వానలు దారి తప్పిన కాలం. ఒక మెట్ట పల్లెలో ఓబుళవ్వ అనే ముసలమ్మ ఉండేది. ఆమెకున్నవల్లా ఒక చిన్న చేను, మూడు బానల ఉలవలు. పడుచుతనంలో ఒకసారి తొలివానకే తొందరపడి విత్తనమంతా మట్టిపాలు చేసుకుంది. అప్పటినుంచి నేలను అడగందే విత్తేది కాదు.

ఆ ఏడు మబ్బులు వచ్చేవి, పోయేవి. ఊళ్లో ఎవరికీ కాలు నిలవదు. వాకిట్లోకి, చేలోకి, మళ్లీ వాకిట్లోకి. మొదటి వాన పడిందో లేదో, జొన్న విత్తడానికి గొర్రులు కట్టేశారు. అవ్వ మట్టిలోకి చెయ్యి దూర్చి చూసింది. నాలుగు వేళ్ల తడి.

"ఆగండి నాయనా, నేలనడగండి."

"పక్కోడు ఇత్తేస్తాంటే మేం చూస్తా కూర్చోవాల్నా?" అన్నాడు పుల్లన్న.

విత్తారు. మొలిచింది. మాడిపోయింది.

రెండో వాన పడింది. తడి జానెడైనా లేదు.

"ఆగండి నాయనా, నేలనడగండి."

"నీకేమవ్వా! ఎద్దులు తినే ఉలవలు దాచుకోని కూచున్నావు," అని నవ్వాడు పుల్లన్న.

మిగిలిన జొన్నలూ విత్తారు. అవీ మాడిపోయాయి. చెబుతుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. అవ్వ మాత్రం నిమ్మళంగా ఉందనుకున్నారా? రోజుకు పదిసార్లు బానల మూతలు తీసేది, మూసేది.

మూడో వాన అదను దాటాక పడింది. అవ్వ చెయ్యి మోచేతిదాకా తడిలో దిగింది. జొన్నకు వేళ మించింది, ఉలవకు మించలేదు.

"ఇప్పుడు ఇత్తండి!" అని వీధులెంట అరిచింది.

ఎవరింట్లోనూ విత్తనం లేదు. అందరూ చేటలు పట్టుకుని ఆమె గుమ్మం ముందు నిలబడ్డారు. మొదటి బాన అయిపోయింది. రెండో బాన అయిపోయింది. మూడోదానిలో ఆమె చేనుకు సరిపడా మిగిలినప్పుడు పుల్లన్న వచ్చాడు, తలెత్తలేక.

"అవ్వా, ఇంట్లో ఏడుమందిమి."

అవ్వ చాలాసేపు బాన వదల్లేదు. చివరికి అతని చేటలోకి వంచేసింది.

"పో నాయనా, తడారిపోతాది."

ఉలవ పండింది. పల్లె బతికింది. అవ్వ చేను బీడు పడింది. పంట చేతికొచ్చేదాకా ఊరంతా పస్తులే, ఎవరూ ఎవరింట్లోకీ తొంగిచూడలేదు. అవ్వ ఎవరినీ అడగలేదు. కొత్త ఉలవలు ఉడికించి పుల్లన్న గిన్నెతో పరుగెత్తేసరికి ఆమె ప్రాణం పోయి ఉంది.

మరుసటేడు పుల్లన్న తన చేలో చివరి సాలు విత్తుతూ, "ఇది ఓబుళవ్వది," అన్నాడు. ఏడుస్తూ అన్నాడు.

ఇప్పటికీ ఆ పక్క పల్లెల్లో చివరి సాలును చేనివాళ్లు కోయరు. పొయ్యి వెలగని ఇంటివాళ్లు ఎవరైనా కోసుకుపోతారు. ఎవరు కోశారని ఎవరూ అడగరు.