మిల్లు వెనక భోజనం

చిదంబరానికి కోపం వచ్చింది. ఆశ్రమంలో చేరి తొమ్మిదేళ్లయినా అతని కోపం తగ్గలేదని మా వీధిలో అంటారు. అన్యాయం. తగ్గకపోవడమేమిటి, బాగా పెరిగింది.

ధ్యానమందిరం చుట్టూ నూట ఎనిమిది గోతులు తీశాడు, జపమాల ఆకారంలో. రేపే నాటడం. మొక్కలు ఇచ్చింది ఉప్పుడు బియ్యం మిల్లు యజమాని. పట్నంలో గాలి బాగుపడాలని ఇచ్చాడట. పాడుచేస్తున్నదీ ఆయనే గనక ఎంత బాగుపడాలో ఆయనకే తెలియాలి.

అంతలో అంగన్‌వాడీ టీచరు మంగతాయారు వచ్చింది. ఆమె బడి మిల్లు వెనక, ఊకబూడిద గుట్టకు ఎదురుగా ఉంది.

"గుట్టకూ బడికీ మధ్య ఖాళీ జాగా ఉందండీ. ఓ నలభై మొక్కలు ఇప్పించండి. మా పిల్లలు గుడ్డు మీద బూడిదని మిరియాలపొడి అనుకుంటున్నారు. ఇద్దరు దగ్గుతో ఆస్పత్రిలో ఉన్నారు."

"నలభై తీస్తే నా లెక్క ఏం కాను? ఇది జపసంఖ్యమ్మా. వెళ్లి ఆ మిల్లాయన్ని అడగండి, సిగ్గుంటే ఇస్తాడు."

"ఆయన మొక్కలన్నీ మీకిచ్చేశానన్నాడు."

లోపలినుంచి ఆశ్రమం పెద్ద గోవర్ధనస్వామి గొంతు వినిపించింది. "చిదంబరం, క్యారేజీ తీసుకురా. ఇవాళ భోజనం టీచరమ్మ బడిలో."

బడి వసారాలో పిల్లల వరసలోనే స్వామి కూర్చున్నారు. విస్తరిలో పెరుగన్నం పడిందో లేదో, గాలి విసిరింది. తెల్లటి అన్నం మీద నల్లటి నలుసులు రాలాయి.

చిదంబరం ఒక్క ఉదుటున లేచి గుట్ట వైపు కండువా తెరలా పట్టాడు. "వీళ్ల కళ్లకి మనుషులు ఆనరా? అన్నం తినేచోట బూడిద పోస్తారా?"

పక్కన పిల్లలు ఎవరూ చెప్పకుండానే ఎడమచేతులు కంచాలకు అడ్డం పెట్టుకుని తింటున్నారు.

స్వామి ఒక ముద్ద మింగారు. "కండువా అటే పట్టావేం?"

"బూడిద వచ్చేది అటునుంచేగా స్వామీ."

"నా చుట్టూ చుట్టాల్సింది. జపమాలలా నిండుగా ఉండేది."

చిదంబరం చేతులు దించలేదు. చాలాసేపు పిల్లల కంచాలవైపే చూశాడు. స్వామి విస్తరి మడిచాక, టీచరు వైపు తిరిగాడు.

"గునపం ఉందామ్మా?"