అంగరఖా రంగు గదులు

పేరూరు చిన్న రాజ్యమే గానీ, దాన్నేలే రణధీర భూపతికి అంగరఖాల మోజు చాలా పెద్దది. రోజుకో రంగు తొడిగేవాడు.

ఆ కోటలో పొలాల దానపత్రాలను ముసలి పుల్లంరాజు ఊరికో గది చొప్పున సర్దేవాడు. ఎవరొచ్చి అడిగినా వాళ్ళ ఊరి గది ఒక్కటి తెరిస్తే చాలు, మిగతా తాళాల జోలికి పోనక్కర్లేదు.

ఒకనాడు రాజుగారికి ఓ ఆలోచన తట్టింది. తాను ముద్ర వేసిన రోజున ఏ రంగు అంగరఖా తొడిగాడో, ఆ పత్రం ఆ రంగు గదిలోనే ఉండాలన్నాడు. అలాగైతే తన వైభవం కలకాలం నిలుస్తుందట. సభంతా ఆహా అంది. పుల్లంరాజు రాజుగారి వస్త్రాల లెక్కలు తిరగేసి, పత్రాలన్నీ మళ్ళీ సర్దాడు.

పొలం పత్రానికి వచ్చేవాళ్ళకు ఊరి పేరు తెలుసు గానీ, రాజుగారి అంగరఖా రంగు ఏం తెలుస్తుంది? ఒక్క తాటాకు కోసం గదులన్నీ గాలించాల్సి వచ్చేది. జనం వాకిట్లో పడిగాపులు పడ్డారు. ముసలాయనకు చేతకావడం లేదని రాజు విసుక్కుని, ఉగాది వెళ్ళగానే కొలువు మానిపిస్తానన్నాడు.

ఆ మాట విని విదూషకుడు సోమయ మనసు చివుక్కుమంది. చిన్నప్పుడు తనకు అక్షరాలు దిద్దించింది ఆ ముసలాయనే. అలాగని రాజు మీద కోపమూ రాలేదు. ఆయనకు డాబు ఎక్కువే గానీ మనసు వెన్న. ఎదురు చెబితే మొండికేస్తాడు, ఆకలేస్తే మాత్రం దారికొస్తాడు. సోమయ తిన్నగా వంటశాలకు నడిచాడు.

మర్నాడు రాజు భోజనానికి కూర్చుని ఉసిరికాయ పచ్చడి అడిగాడు. వంటవాడు చేతులు కట్టుకున్నాడు.

"అది పెట్టిన రోజున ప్రభువులు ఏ రంగు అంగరఖాలో ఉన్నారో సెలవివ్వండి."

"నాకేం గుర్తు? జాడీ తీసుకురావయ్యా."

ఊరగాయలన్నీ ఇప్పుడు అంగరఖా రంగును బట్టి అరల్లో ఉన్నాయనీ, రంగు తెలియకపోతే అరలన్నీ దించాల్సిందేననీ వంటవాడు విన్నవించాడు. దించమన్నాడు రాజు. మాగాయ వచ్చింది, చింతకాయ వచ్చింది, నిమ్మకాయ, మళ్ళీ మాగాయ. అన్నం చల్లారింది. రాజు ముఖం జేవురించింది. ఈ పని ఎవరిదని అడిగాడు.

సోమయ స్తంభం చాటు నుంచి వచ్చాడు. "నాదే ప్రభూ. తమ వైభవం వంటింట్లోనూ నిలవాలి గదా. ఈ వంటవాడికే చేతకావడం లేదు. పుల్లంరాజుతో పాటు వీణ్ణీ పంపించేద్దాం."

"వాడి తప్పేముంది? పచ్చడి కావాలన్నవాణ్ణి అంగరఖా రంగు అడిగితే..." అంటూనే రాజు ఆగిపోయాడు. సోమయ వంక చూశాడు. కాసేపటికి ఆయన బొజ్జ కదిలింది, ఆ తర్వాత విస్తరి ముందే పగలబడి నవ్వాడు.

ఆ సాయంత్రమే పత్రాలు మళ్ళీ ఊరూరి గదులకు చేరాయి. రాజు స్వయంగా వెళ్ళి పుల్లంరాజుకు శాలువా కప్పి, ఉన్నన్నాళ్ళూ ఆ గదులు నీవేనన్నాడు. ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత రాజు తన ఒంటి మీది పట్టు అంగరఖా విప్పి సోమయకు తొడిగాడు.

సోమయ దాన్ని ముచ్చటగా నిమురుకుని, "ఇది ఏ రంగో కాస్త గుర్తుపెట్టుకోండి ప్రభూ," అన్నాడు. "ఉసిరికాయ జాడీ ఇంకా దొరకలేదు."