గవరయ్య సొంత గొంతు

తునిలో గవరయ్య అనే నాటకాల మనిషి ఒకడు ఉండేవాడు. దేవుడిచ్చిన మంచి గొంతును మూలన పడేసి, పొద్దస్తమానం వేరేవాడి గొంతుతో పాడుతుండేవాడు.

ఆ వేరేవాడు అల్లాటప్పా మనిషి కాడు. చెరుకువాడ శేషాచలం గారు. ఆయన కృష్ణుడి వేషం కట్టి పద్యం ఎత్తుకున్నాడంటే చాలు, జనం "వన్స్ మోర్" అని గోల పెట్టి అదే పద్యం మళ్లీ మళ్లీ పాడించుకునేవాళ్లు. ఆయన పాడిన గ్రామఫోను ప్లేట్లు సముద్రం దాటి రంగూన్ దాకా వెళ్లాయి. ఆ గొంతు తెలియని తెలుగువాడు ఉండేవాడు కాడు. ముఖం మాత్రం దూరదేశాల వాళ్లెవరికీ తెలియదు. ఫోటో తీయించుకుంటే దిష్టి తగిలి గొంతు పోతుందని ఆయనకు భయం. అంత పెద్దమనిషికి అదేం భయమో! సరే, ఎవరి పిచ్చి వాళ్లకానందం.

గవరయ్య ఆయన ట్రూపులోనే భటుడి వేషం వేసేవాడు. బల్లెం పట్టుకుని నిలబడి "చిత్తం ప్రభూ" అనడమే పని. తెర పక్కన నిలబడి నిలబడి, శేషాచలం గారు ఎక్కడ రాగం లాగుతారో, ఎక్కడ విరుస్తారో, ఎక్కడ ఊపిరి పీలుస్తారో అన్నీ పట్టేశాడు. భోజనాల దగ్గర తోటి వేషగాళ్లకు పాడి వినిపించేవాడు. వాళ్లంతా "ఒరేయ్, అచ్చం ఆయనేరా!" అనేవాళ్లు. గవరయ్య పొంగిపోయేవాడు. అచ్చం ఆయనేనట! అదీ ఒక పొగడ్తేనా? మరి గవరయ్య ఎక్కడికి పోయినట్టు? ఆ మాట వాడు ఎవరినీ అడగలేదు, తనను తానూ అడగలేదు.

ఒక ఏడు వానాకాలంలో నాటకాలు మూతపడ్డాయి. ఆ రోజుల్లో మనవాళ్లు చాలామంది బతుకుతెరువుకి రంగూన్ వెళ్లేవాళ్లు. ఏదో ఒక బియ్యం మిల్లులో పని దొరక్కపోదులే అని గవరయ్య కూడా కాకినాడలో స్టీమరెక్కాడు. ఓడలో ఏం తోస్తుంది? డెక్కు మీద చాప పరుచుకుని శేషాచలం గారి పద్యం ఎత్తుకున్నాడు. చుట్టూ కూర్చున్నవాళ్లు ఉలిక్కిపడ్డారు. ఎంతోమంది ఇళ్లలో ఆ ప్లేటు అరిగిపోయేదాకా విన్నవాళ్లే. అదే గొంతు, అదే విరుపు!

"ఆయనే! జనం మీద పడతారని ఇలా మామూలు మనిషిలా వస్తున్నారు" అన్నాడొకడు.

"అవునవును. రెండేళ్ల నుంచీ వస్తానంటున్నారుగా" అన్నాడు ఇంకొకడు.

స్టీమరు రంగూన్ రేవుకు చేరగానే ముందు దిగినవాళ్ల నోట కబురు ఊరంతా పాకిపోయింది. గవరయ్య మూట నెత్తిన పెట్టుకుని ఆఖరున దిగేసరికి కింద సన్నాయి మోగుతోంది. ముత్యాలు మేస్త్రీ చేతిలో దండ పట్టుకుని ఎదురుగా నిలబడి ఉన్నాడు. మిల్లుల్లో మనవాళ్లకు పనులు ఇప్పించేదీ, అక్కడి తెలుగువాళ్ల నాటకాలు ఆడించేదీ ఆయనే.

"బాబుగారూ, ఇన్నాళ్లకు దయ కలిగిందా మా మీద!" అన్నాడు మేస్త్రీ.

"అయ్యో, నేను శేషాచలం గారిని కానండీ. తుని గవరయ్యను" అన్నాడు గవరయ్య.

అందరూ పకపకా నవ్వారు. "పెద్దవాళ్లు ఇలాగే తప్పించుకుంటారు. మా దగ్గరా మీ ఆటలు?" అంటూ మేస్త్రీ దండ వేసేశాడు. మల్లెపూల దండ. చల్లగా, బరువుగా ఉంది. బల్లెం తప్ప ఇంకేమీ మోయని భటుడికి అలాంటి దండ ఎన్నడు పడింది? ఇంకొక్కసారి గట్టిగా "కాదు" అంటే సరిపోయేది. అనలేదు. నోరు మెదపకుండా తలవంచుకుని నవ్వాడు. అక్కడ చేశాడు తప్పు.

బండి ఎక్కాక మేస్త్రీ అడిగాడు. "ఇందాక గవరయ్య అన్నారు, ఎవరండీ ఆయన?"

గవరయ్య మెడలో దండ సర్దుకున్నాడు. "మా ట్రూపులో భటుడి వేషగాడు లెండి. నాలాగా పాడాలని తెగ చూస్తుంటాడు, పాపం" అనేశాడు.

"కోతి వేషాలన్నమాట!" అన్నాడు మేస్త్రీ. బండిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. వాళ్లతో పాటు గవరయ్యా నవ్వాడు. తన పేరును తనే నలుగురి ముందూ పడేసి నవ్వాడండీ! చెబుతుంటేనే నాకు ఒళ్లు మండిపోతోంది.

ఆ వారమంతా రాజభోగమే. మేస్త్రీ ఇంట్లో మకాం. వచ్చేపోయే జనం. పిల్లల్ని తెచ్చి కాళ్ల మీద పడేసేవాళ్లు. ఆదివారం నాడు మిల్లుకు సెలవు కాబట్టి, మిల్లు ఆవరణలోనే మధ్యాహ్నం నాటకం పెట్టారు. గవరయ్యకు కృష్ణుడి వేషం. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వేయాలని కలలుగన్న వేషం అది.

శనివారం నాడు భోజనాల దగ్గర మేస్త్రీకి సరదా పుట్టింది. "బాబుగారూ, ఆ గవరయ్యగాడు ఎలా పాడతాడో ఓసారి పాడి చూపించండి, నవ్వుకుంటాం" అన్నాడు.

ఏం చేస్తాడు? గవరయ్య గవరయ్యలా పాడాడు. ఎన్నాళ్లో అయింది ఆ గొంతు బయటికి వచ్చి. కాస్త బొంగురుగా, నిండుగా, రాగం లాగకుండా మాట మాటా తెలిసేలా వచ్చింది పద్యం. వింటున్నవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వాలని ముందే చెప్పారుగా మరి! గవరయ్య కూడా మూతి వంకర్లు తిప్పి ఇంకాస్త నవ్వించాడు.

వడ్డిస్తున్న మేస్త్రీ భార్య సూరీడమ్మ మాత్రం నవ్వలేదు. "ఏం బాబూ, ఆ అబ్బాయి పాటకేం వచ్చింది? బాగానే ఉందిగా" అంది.

"నీకేం తెలుసే! బాబుగారే నవ్వుతుంటే" అన్నాడు మేస్త్రీ.

"నాకు సంగీతం తెలియదు, నిజమే. కానీ ఆ అబ్బాయి పద్యంలో మాట నాకు అర్థమైంది. ఇక్కడ లేనివాణ్ణి పట్టుకుని ఎందుకలా ఎగతాళి చేస్తారు? ఎవరు కన్న బిడ్డో" అంది ఆవిడ, నెయ్యి వడ్డిస్తూ.

ఊరు కాని ఊళ్లో, గవరయ్య ఎవరో తెలియని ఆవిడ వాడి పక్షాన మాట్లాడింది. గవరయ్యేమో వాణ్ణి కోతిని చేసి ఆడించాడు. ఛీ, నా బతుకు అనుకున్నాడు.

ఆదివారం వచ్చింది. మిల్లు ఆవరణలో ఇసకేస్తే రాలనంత జనం. కృష్ణుడు ఒక్కో పద్యం అందుకోవడం, జనం "వన్స్ మోర్" అనడం, మళ్లీ అదే పద్యం. శేషాచలం గారి గొంతు గవరయ్య నోట్లోంచి తేనెలా కారుతోంది. ఒక పద్యం అయ్యాక మేస్త్రీ ఉత్సాహం పట్టలేక రంగస్థలం మీదికి ఎక్కేశాడు.

"నాయనలారా, తుని గవరయ్య అని ఒక కోతి ఉన్నాడు. వాడు బాబుగారిలా పాడాలని ఎలా తంటాలు పడతాడో ఇప్పుడు బాబుగారే పాడి చూపిస్తారు. నవ్వలేక చస్తారు, చూడండి!"

జనం అప్పుడే నవ్వడం మొదలెట్టారు. గవరయ్య ఆ నవ్వులు విన్నాడు. కిరీటం తీసి పక్కన పెట్టాడు.

"ఆ గవరయ్యను నేనే" అన్నాడు.

జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు. అదీ హాస్యమే అనుకున్నారు.

"నవ్వకండి. నిజమే చెబుతున్నాను. నేను శేషాచలం గారిని కాదు. ఆయన ట్రూపులో భటుణ్ణి. దండ వేస్తే ఆశపడి నోరు మూసుకున్నాను. మిమ్మల్ని మోసం చేశాను. తప్పు నాదే. తిట్టండి, పడతాను."

నవ్వులు ఆగిపోయాయి. వెనక నుంచి "మోసం! దొంగ వెధవా!" అని కేక వినిపించింది. ఎవరో గుప్పెడు ఊక విసిరారు. మేస్త్రీ ముఖం ఎర్రబడిపోయింది. దగ్గరికొచ్చి చెవిలో బుసకొట్టాడు.

"ఒరే, నా పరువు తీయకు. సరదాకి అన్నానని చెప్పి పాట అందుకో. వాళ్లు నమ్మేస్తారు."

నిజమే, నమ్మేసేవాళ్లు. ఆ ఒక్క అబద్ధం ఆడితే దండలూ, మేస్త్రీ ఇంట్లో భోజనాలూ అన్నీ అలాగే ఉండేవి. గవరయ్య తల అడ్డంగా ఊపాడు.

"చెప్పను, మేస్త్రీగారూ."

"ఈ ఊళ్లో ఏ మిల్లులోనూ నీకు పని దొరకనివ్వను!"

"వద్దులెండి." గవరయ్య జనం వైపు తిరిగాడు. "మోసం చేశానని కొట్టండి, ఒప్పుకుంటాను. కానీ గవరయ్యను కోతిని చేసి ఆడించమంటే మాత్రం నా వల్ల కాదు. నిన్న ఒకసారి చేశాను. ఇంక చచ్చినా చేయను. వాడి పాట వాడు పాడతాడు. వినేవాళ్లు వినండి, పోయేవాళ్లు పోండి!"

సొంత గొంతుతో పద్యం ఎత్తుకున్నాడు. గొంతు ఒకచోట జీరపోయింది. ఊక ముఖాన పడుతున్నా ఆపలేదు. జనం లేచి వెళ్లిపోసాగారు. చాపలు దులుపుకుని, పిల్లల్ని లాక్కుని, తిట్టుకుంటూ వెళ్లారు. ముందు వరసలన్నీ ఖాళీ అయ్యాయి. పద్యం పూర్తయ్యేసరికి అక్కడా ఇక్కడా కొంతమంది మిగిలారు. సూరీడమ్మ వాళ్లలో ఉంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కానీ ఎవరూ నవ్వలేదు.

మేస్త్రీ అన్నంత పనీ చేశాడు. ఏ మిల్లూ గవరయ్యను రానివ్వలేదు. ఆఖరికి రేవు పక్కన ఒక కలప అడితిలో దుంగలు మోసే పని దొరికింది. భుజాలు కాయలు కాచాయి. "ఏం శేషాచలం బాబుగారూ, దుంగ బరువుగా ఉందా?" అని దారిన పోయేవాళ్లు వెక్కిరించేవాళ్లు. "గవరయ్యనండీ. దుంగ బరువుగానే ఉంది" అనేవాడు వాడు. ఎన్నిసార్లు వెక్కిరించినా అదే జవాబు.

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక పాడుకునేవాడు. మొదట్లో కొంతకాలం పద్యం మధ్యలో పాత గొంతు దొంగతనంగా దూరేది. వెంటనే ఆపేసి మళ్లీ మొదటి నుంచి అందుకునేవాడు. ఎవరి కోసమూ కాదు, తన కోసమే. మెల్లగా పక్క అడితివాళ్లు అన్నం గిన్నెలు పట్టుకుని వచ్చి కూర్చోవడం మొదలెట్టారు. "గవరయ్య పాడితే మాట మాటా తెలుస్తుంది" అని చెప్పుకునేవాళ్లు. చదువు రానివాళ్లు కూడా పద్యాలు నోటికి నేర్చుకున్నారు.

ఈ సంగతి మేస్త్రీ చెవిన పడింది. శ్రీరామనవమికి నాటకం ఆడించాలి, పాడేవాడు లేడు. ఒకరోజు దర్జాగా అడితికి వచ్చాడు. అప్పుడే అన్నాలు తిని అందరూ కూర్చుని ఉన్నారు.

"ఒరే గవరయ్యా, అయిందేదో అయింది. నీకు పెద్ద వేషం ఇస్తాను. మిల్లులో పనీ ఇస్తాను. ఈ దుంగల బాధ తప్పుతుంది" అన్నాడు.

గవరయ్య లేచి నిలబడ్డాడు. కళ్లలో ఆశ కనిపించింది. ఎందుకు కనిపించదు, వాడూ మనిషేగా!

"అయితే ఒక్క మాట. దండోరాలో గవరయ్య అని చెప్పిస్తే ఎవడూ రాడు. ‘రంగూన్ శేషాచలం’ అని చెప్పిస్తాను. ఇందులో మోసం ఏముంది? మన దగ్గర ఉన్నదేగా ఈ పద్ధతి! పెద్ద నటుడి పేరుకు ముందు ఊరి పేరు తగిలించుకుని ఎంతమంది బతకడం లేదు?" అన్నాడు మేస్త్రీ.

"బతకనివ్వండి. నాకొద్దు."

"నీ మంచికే చెబుతున్నానురా, మూర్ఖుడా!"

"గవరయ్య అని చెప్పించండి, వచ్చి పాడతాను. లేదంటే నాకు దుంగలే చాలు."

"గవరయ్య అంటే ఎవడొస్తాడురా?"

"రానివాడు రాడు, మేస్త్రీగారూ. శేషాచలం గారి కోసం వచ్చేవాళ్లకు ఆయన ప్లేట్లున్నాయి. గవరయ్య కోసం వచ్చేవాడు ఒక్కడొచ్చినా వాడికే పాడతాను."

"ఒక్కడేమిటి, మేమంతా లేమా?" అన్నాడు అడితి కూలీల్లో ఒకడు. మిగతావాళ్లు గిన్నెలు కింద పెట్టి లేచారు. మేస్త్రీ అందరి ముఖాలూ చూశాడు. గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

పాడేవాడు ఇంకెవడూ దొరక్క, మర్నాడు మేస్త్రీ తెలుగువాళ్ల పేటలో దండోరా వేయించాడు. "శ్రీరామనవమి నాడు నాటకం! తుని గవరయ్య పాడతాడహో!" ఆ పేరు వీధి వీధినా మోగింది. దుంగ మీద చెయ్యి వేసి నిలబడి గవరయ్య చివరిదాకా విన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. నాటకానికి మునుపటి జనంలో సగమే వచ్చారు. ఆ సగం మందీ ఎవరి పాట వినడానికి వచ్చారో తెలిసి వచ్చారు, చివరి పద్యం దాకా కదలకుండా కూర్చున్నారు.

పిల్లలూ, పెద్దలూ, మీ అందరికీ చెబుతున్నాను: వేరేవాడి పేరుతో దక్కిన మర్యాద ఆ వేరేవాడికే చెందుతుంది, ఎంత నష్టమొచ్చినా తన పేరుతో, తన గొంతుతో నిలబడినవాడికే సొంత మర్యాద దక్కుతుంది.