దూడ చెవి వెనక మసి

సువార్తమ్మ టీచరుగారిని ఏ ప్రశ్న అడిగినా, ముందు చేతిలో ఉన్న అల్లిక వరస పూర్తిచేసి అడగమంటారు. గొలుసు వేసుకుంటూ, మలుపు తిప్పుకుంటూ మనం వరస చివరికి వచ్చేసరికి సగం ప్రశ్నలు వాటంతటవే చల్లారిపోతాయి. చల్లారనివి మాత్రం ఆవిడ శ్రద్ధగా వింటారు. విని, కొప్పులోంచి కొక్కెం సూది తీసి, దాంతో తల కాస్త గోక్కుని, మళ్ళీ కొప్పులోనే దోపుకుంటారు. ఆ పూటకి అంతే. తర్వాత ఎప్పుడో ఏదో ఒకటి జరుగుతుంది, అదే జవాబని మనమే తెలుసుకోవాలి. నోటితో చెప్పేస్తే ఆవిడ సొమ్మేం పోయిందని నేను చాలాసార్లు విసుక్కున్నాను. నాగదుర్గ అడిగిన ప్రశ్న ఏమైందో చూశాక విసుక్కోవడం మానేశాను.

నరసాపురం పక్కన మా ఊళ్ళో లేసు అల్లని ఆడమనిషిని వెతికి పట్టుకోవడం కష్టం. అయితే మా అల్లికకి ఒక చిత్రమైన పద్ధతి ఉంది. ఒకావిడ జీవితమంతా పువ్వులే అల్లుతుంది. ఇంకొకావిడ ఆకులే. ఆ రెంటినీ అతికేది పక్క వీధి ఆవిడ. అతికిన గుడ్డని ఉతికి, గంజి పెట్టి, సూదులు గుచ్చి చదునుగా ఆరబెట్టేది మరెవరో. చివరికది ఎవరింట్లో ఏ బల్ల మీద పరుచుకుంటుందో మాకెవరికీ తెలియదు. సువార్తమ్మగారంతటి ఆవిడే ఒకసారి పట్నంలో ఒక పెద్దింటికి వెళ్ళి, అక్కడ పరిచి ఉన్న లేసులో తన పువ్వు ఉందేమోనని వెతుక్కుని, పోల్చుకోలేక తిరిగొచ్చేశారట. "ఇది నేను చేశాను" అనే మాట మా ఊళ్ళో ఎవరి నోటా వినపడదు. అణకువ ఎక్కువై కాదు. చూపించడానికి చేతిలో వస్తువంటూ ఉంటే కదా!

దుర్గ మా వీధికి కోడలిగా వచ్చిన అమ్మాయి. నాతోపాటే టీచరుగారి వసారాలో కూర్చుని లేసు నేర్చుకుంటోంది. ఆమె అత్తగారు మంగాయమ్మ పిన్నికి ఉన్న ఆస్తి పాడిగేదెలు, పెద్ద నోరు, ఒక ఫోను. ఆ ఫోనుని ఎప్పుడూ బొడ్లో దోపుకుని తిరిగేది. ఒకరోజు గేదెకి కుడితి కలపడానికి వంగేసరికి అది కాస్తా తొట్టిలో పడింది. గేదె మూతి పెట్టేలోగా తీశారు గానీ, దాన్ని బాగుచేసినాయన ముక్కుకి గుడ్డ కట్టుకుని మరీ చేశాడట. ఆ వారమే దుర్గ, అత్తగారి మెడలో వేలాడేట్టు ఫోనుకొక సంచి అల్లడం మొదలుపెట్టింది. మామూలు సంచి అయితే ఆవిడ మెడలో వేసుకోదని, గేదెదూడలా అల్లుతానంది.

మా దగ్గర ఉన్నది తెల్ల దారం. అందుకని గేదెదూడ కాస్తా ఆవుదూడ అయింది. అల్లడం పూర్తవగానే దుర్గ మా ఊరి అలవాటు పోనిచ్చుకోకుండా దాన్ని ఉతికి, గంజి పెట్టి, సూదులు గుచ్చి ఆరబెట్టింది. దూడ అప్పడంలా బిగుసుకుపోయింది. ఫోను దూర్చబోతే దూరలేదు. ఇద్దరం చెరోవైపూ పట్టుకుని లాగితే మూతి ఒక పక్కకి పోయి, దూడ మమ్మల్నే వెక్కిరిస్తున్నట్టు చూసింది. వసారా అంతా పడీపడీ నవ్వాం. దుర్గ నవ్వలేదు. మొత్తం విప్పేసి, దారం ఉండ చుట్టుకుని, మళ్ళీ మొదలుపెట్టింది. లేసంటే కన్నాల పనే కదా, మా చేతులకి కన్నాలు వదలడమే వచ్చు. ఈసారి ఒక్క కన్నం లేకుండా, బిగువుగా, గుండ్రంగా తిప్పుకుంటూ అల్లింది. పాత జాకెట్టు గుండీలు కళ్ళయ్యాయి. ఫోను పెట్టి పైనుంచి మడత వేస్తే ఆ మడతే దూడ నుదురు. మెడలో చిన్న మువ్వ. చెవులు మాత్రం విడిగా అల్లి ఆఖర్న కుట్టింది. అవి నిక్కపొడుచుకునీ ఉండవు, వాలిపోయీ ఉండవు. ఎవరో పిలిస్తే వింటున్నట్టు కాస్త పక్కకి తిరిగి ఉంటాయి.

టీచరుగారు దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి "బాగుంది" అన్నారు. ఆవిడ నోట ఆ మాట నేను వినడం అదే మొదలు. ముక్కలు తప్ప ఏమీ వెళ్ళని ఆ వసారాలోంచి మొట్టమొదటిసారి ఒక నిండు వస్తువు బయటికి వెళ్ళింది. అల్లింది నేను కాకపోయినా నాకు ఒళ్ళంతా పొంగింది.

మర్నాడు పొద్దున్న పాలకేంద్రం దగ్గర క్యాన్లు పట్టుకుని వరసలో నిలబడ్డ వాళ్ళందరికీ ముందు మువ్వ చప్పుడు వినిపించింది, తర్వాత మంగాయమ్మ పిన్ని మెడలో దూడ కనిపించింది. "ఎంత ముద్దుగా ఉందో! ఎక్కడిదొదినా ఇది?" అంది వరసలో ముందు నిలబడ్డ సూరాయమ్మ. వెనకే రెండో క్యాను పట్టుకుని నిలబడ్డ దుర్గ తల దించుకుంది, పొగిడితే సిగ్గుపడటానికి సిద్ధమై. మంగాయమ్మ పిన్ని ఏమందో తెలుసా? "రాజమండ్రిలో కొన్నాం. మిషను మీద చేసిందిలే" అంది. మిషనట! నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మాట అక్కడితో ఆగిందా అంటే అదీ లేదు. అడిగినవాళ్ళకల్లా అదే జవాబు. దుర్గ పక్కనే ఉన్నా అదే, లేకపోయినా అదే.

దానికి తోడు మసి గొడవ ఒకటి. దుర్గ దూడని శుభ్రంగా ఉతికి ఆరేసి ఇస్తుంది. తెల్లారేసరికి ఎడమ చెవి వెనక నల్లటి మరక. మళ్ళీ ఉతుకుతుంది. మళ్ళీ మరక. అత్తగారు కట్టెలపొయ్యి ఊది ఆ చేత్తోనే ఫోను తీస్తుందని దుర్గ అనుకుంది, నేనూ అలాగే అనుకున్నాను. "నేను అల్లింది ఆవిడకి మసిగుడ్డతో సమానం అక్కా" అని ఆ పిల్ల నా దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఒక మధ్యాహ్నం వసారాలోకి వచ్చి దుర్గ అల్లిక బయటికి తీయలేదు. ఉతకడానికి తెచ్చిన దూడనీ, తన కొక్కెం సూదినీ టీచరుగారి ముందు పెట్టింది. పూర్తి చేయడానికి వరసేదీ లేదు గనక టీచరుగారు వెంటనే వినాల్సొచ్చింది.

"టీచరుగారూ, ఇది నేను చేశానని నలుగురూ అనాలని నాకుందండి. అనకపోతే కడుపులో మండుతోంది. మా అమ్మేమో మన పని మనం పొగుడుకోకూడదు, అది అహంకారం అంటుంది. పువ్వులు అల్లుకున్నన్నాళ్ళూ నాకీ మంట లేదు. ఇది అహంకారమే అయితే నాకీ పనొద్దు, ఈ సూది మీ దగ్గరే ఉంచేసుకోండి. చేసినదాన్ని చూసుకుని గర్వపడటం తప్పా, కాదా?"

దుర్గ చేతివేళ్ళు ఎలాంటివో మాకు తెలుసు. అవి ఆగిపోతాయంటే నాకు గుండె కలుక్కుమంది. ఏదో ఒకటి చెప్పండని టీచరుగారి వంక చూశాను. ఆవిడ దూడని తీసుకుని, చెవి వెనక మరక మీద వేలితో రాసి, ఆ వేలు వాసన చూసుకున్నారు. దూడని దుర్గకి తిరిగిచ్చేశారు. దుర్గ సూదిని మాత్రం తీసి, తన సూది పక్కనే కొప్పులో దోపుకున్నారు. "రేపు పొద్దున్న నేనూ పాలకేంద్రానికి వస్తాను" అన్నారు. ఆవిడకి పాలు పోసే పనీ లేదు, కొనే పనీ లేదు.

అన్నట్టే వచ్చారు, వెనకే నేనూ వెళ్ళాను. వరసలో నిలబడ్డ మంగాయమ్మ పిన్ని దగ్గరికి నేరుగా వెళ్ళి, "ఏదీ మంగాయమ్మగారూ, ఆ దూడని ఒకసారి చూడనిస్తారా?" అన్నారు. పిన్ని ఫోను తీసి బొడ్లో దోపుకుని, దూడని చేతికిచ్చింది.

"ఎక్కడ కొన్నారు?"

"రాజమండ్రిలోనండి."

"మిషను పనేనా?"

"ఆఁ, మిషనేనండి."

టీచరుగారు తలూపి, కొప్పులోంచి సూది తీసి, దాని కొనని కుడి చెవి మొదట్లో పెట్టి కాస్త కదిపారు. అల్లేవాళ్ళకి తెలుసు, ఆఖరి ముడి ఎక్కడ దాక్కుంటుందో. ఆ ముడి ఊడిందా, అల్లిక అంతా వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ఆవిడ దారం కొస పట్టుకుని లాగారు. చెవి అంచు పోయింది, తర్వాత సగం చెవి పోయింది. "మిషను పని ఇంతేనండీ, ఇట్టే ఊడొచ్చేస్తుంది" అంటూ తాపీగా లాగుతూనే ఉన్నారు. నా పక్కన దుర్గ ముందుకి ఉరకకుండా నేను మోచెయ్యి పట్టుకున్నాను.

"అయ్యయ్యో! ఆపండి టీచరమ్మగారూ! మీకేవన్నా మతిపోయిందేంటండీ!" అని పిన్ని క్యాను కింద పెట్టేసి అరిచింది.

"ఒక్క చెవే కదండీ. ఈసారి రాజమండ్రి వెళ్ళినప్పుడు ఇంకోటి కొనుక్కుందురుగాని."

"కొనుక్కోడానికి అదెక్కడ దొరుకుద్దండీ! మా కోడలు అల్లిందండి అది! మొదటిది పాడైపోతే కళ్ళనీళ్ళు మింగుకుని మొత్తం విప్పి మళ్ళీ అల్లింది. అన్నానికి లేవే అంటే లేచేది కాదు పిల్ల, కంచంలో అన్నం చల్లారిపోయేది. ఆ చెవులు చూశారాండీ మీరు? నేను దుర్గా అని పిలిస్తే అది తల తిప్పుతుంది చూడండి, అచ్చం అలా ఉంటాయి. ఏ మిషను చేస్తదండీ ఆ పని?"

పాలు కొలిచే ఆయన చెయ్యి ఆపేసి చూస్తున్నాడు. సూరాయమ్మ ఊరుకునే రకమా? "అదేంటొదినా, కొన్నామన్నావు కదా మాతోటి!" అంది.

మంగాయమ్మ పిన్ని కొంగు నడుముకి దోపి అందరివైపూ తిరిగింది. "అంటాను. అనకేం చేస్తాను? మా గేదె బాగా ఇస్తోందని మీరంతా అన్న వారానికే అది పాలు ఎగ్గొట్టింది, మర్చిపోయారా? పోతే పోయింది, గేదె ఇంకోటి వస్తది. మా కోడలు చేతుల మీద మీ కళ్ళు పడితే, అలాంటి చేతులు నాకు మళ్ళీ ఎవడు తెచ్చిస్తాడు?"

దుర్గ నోరు తెరుచుకుని అత్తగారి వంకే చూస్తోంది. టీచరుగారు కొప్పులోంచి రెండో సూది, దుర్గ సూది, తీసి పైకెత్తి పట్టుకున్నారు. "ఈ చెవి మళ్ళీ అల్లగలిగినావిడ ఈ వరసలో ఎవరైనా ఉన్నారా?" అని, కొత్త మనిషిలా అడిగారు.

"ఏమే, అలా నిలబడిపోయావేం? తీసుకో. అల్లు. చూసుకోనీ అందర్నీ" అంది పిన్ని.

దుర్గ వెళ్ళి సూది అందుకుంది. పాలకేంద్రం అరుగు మీద కూర్చుని, ఊడిపోయిన దారాన్ని వేలికి చుట్టుకుని మొదలుపెట్టింది. ఆ దారం కింద తడిలో పడకుండా మంగాయమ్మ పిన్ని రెండు చేతుల్తో ఎత్తి పట్టుకుని, కొంచెం కొంచెంగా వదులుతూ నిలబడింది. ఇక వరస ఎక్కడుంది? క్యాన్లన్నీ ఎక్కడివక్కడ వదిలేసి అందరూ అరుగు చుట్టూ మూగారు. పాలు పులిసిపోతాయని పాలకేంద్రం ఆయన కేకలేస్తే వినేవాళ్ళు లేరు. దుర్గ వేళ్ళు ఎప్పటిలాగే కదిలాయి, తొందరా లేదు, బెదురూ లేదు. చెవి పెరిగింది, వంపు తిరిగింది, ఎడమ చెవికి జోడై కూర్చుంది. ఆఖరి ముడి వేసి, కొస లోపలికి దాచి, దుర్గ తలెత్తింది.

"ఎక్కడిదమ్మాయ్ ఈ దూడ?" అని సూరాయమ్మ కావాలనే మళ్ళీ అడిగింది.

"నేను అల్లాను పిన్నిగారూ" అంది దుర్గ. వెనక నిలబడ్డవాళ్ళక్కూడా వినపడింది. మా ఊళ్ళో పువ్వులూ ఆకులూ అల్లుకుంటూ ఏ వస్తువునీ పూర్తిగా చూడకుండానే వెళ్ళిపోయిన ఆడవాళ్ళందరి తరఫునా ఆ మాట అన్నట్టు అనిపించింది నాకు. సూరాయమ్మ దుర్గ చెయ్యి పట్టుకుని, ఆ వేళ్ళని తిప్పి తిప్పి చూసింది.

అది చూసి మంగాయమ్మ పిన్నికి ఒళ్ళు ఝల్లుమన్నట్టుంది. గబగబా కోడలి పక్కకి వచ్చింది. దుర్గ కంటి కొసన వేలు పెట్టి కాటుక తీసి, దూడ ఎడమ చెవి వెనక చుక్క పెట్టింది. వేలికి మిగిలింది దుర్గ చెవి కింద రాసింది. "ఇంక చూసుకోండర్రా ఎంతసేపు చూస్తారో" అని దూడని మెడలో వేసుకుని, ఫోను అందులో పెట్టి, క్యాను ఎత్తుకుంది.

దుర్గ ఆ చుక్కనే చూస్తూ ఉండిపోయింది. అదే చోటు. అంతే మరక.

తిరుగుదారిలో పిన్ని మా ముందు నడుస్తోంది, మువ్వ మోగుతూనే ఉంది. ఎదురొచ్చినవాళ్ళు అడగకపోయినా "మా కోడలు అల్లింది" అని చెబుతోంది. దుర్గ సూదిని గుప్పిట్లో బిగించి పట్టుకుని టీచరుగారి పక్కనే నడిచింది. పిన్ని కాస్త ముందుకి వెళ్ళాక, "టీచరుగారూ, నేనడిగినదానికి మీరేం చెప్పలేదండి" అంది.

సువార్తమ్మగారు ఆదివారం చర్చి మానని మనిషి. దిష్టి అనే మాట ఎత్తితే నవ్వుతారు. ఆవిడ కొప్పులోంచి సూది తీసి, తల కాస్త గోక్కుని, మళ్ళీ దోపుకున్నారు.

"ఈసారి ఆ మసి ఉతక్కు" అన్నారు.