కొండ దిగిన తొట్టి

మోటారు షెడ్డులో రేకుపని చేసే తిరుపాలమ్మకు నలభై ఒకటో ఏడు. సమ్మెట పట్టేముందు కొంగు నడుముకు బిగించుకోవడం ఆమె అలవాటు.

గుమ్మడిదుర్గం రాజావారి పాత కారుకు ఇంజను కింద నూనె నిలిచే తొట్టి కొండదారి రాళ్లు తగిలి మాటిమాటికీ పగిలేది. ఆ రకం ఇప్పుడు ఏ దేశంలోనూ దొరకదన్నారు. తిరుపాలమ్మ మందపాటి రేకు వంచి, పాతదానికన్నా గట్టిది చేసిచ్చింది. కారు కొండెక్కి దిగింది. చుక్క నూనె కారలేదు.

"ఇది చేసినవాడే ఇక మోటారు షెడ్డుకు పెద్ద" అన్నారు రాజావారు సభలో, పూలదండ చేతపట్టుకుని.

షెడ్డు మేస్త్రీ భుజంగరావు దండ కోసం మెడ చాచాడు. "నా చేతిపనే ప్రభూ."

"అది చేసింది నేను దొరా" అంది తిరుపాలమ్మ.

"ఆడదానికి ఇంజను సంగతేం తెలుసే?" అన్నాడు మేస్త్రీ. సభంతా నవ్వింది.

"అయితే మేస్త్రీగారిదే కాబోలు" అంది తిరుపాలమ్మ. "లోపల ఒక అతుకు వదిలేశారు. రేపు రాణీగారు ప్రయాణంలో ఉండగా నూనె కారిపోయి ఇంజను పట్టేస్తే ఆయనే జవాబు చెప్పుకుంటారు."

భుజంగరావు చాచిన మెడ వెనక్కి తీసుకున్నాడు. "నాకేం సంబంధం ప్రభూ? రేకు వంచిందీ ఇదే, అతికిందీ ఇదే. షెడ్డంతా సాక్ష్యం."

"విన్నారుగా దొరా" అంది తిరుపాలమ్మ. "అతుకులన్నీ గట్టిగానే ఉన్నాయి, విప్పి చూసుకోండి."

దండ తిరుపాలమ్మ మెడలో పడింది. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు ఆమె ఆ షెడ్డుకు పెద్దగా ఉంది. మొదటి వారంలోనే భుజంగరావును పనిలోంచి తీసేసింది.